బావ పేరు పక్కన సిలువ

మిలాన్
1057, ఈస్టర్ దాటిన రెండో సోమవారం

అక్కా,

నీ తమ్ముడు తెదాల్దో నమస్కారాలు. జున్నుగడ్డలమ్మే ఒట్టా నువ్వు పంపిన మూట తెచ్చిచ్చింది. జున్నుగడ్డని నా గదిలో ఉండే ముగ్గురూ నాకంటే ముందే పట్టుకున్నారు. నాకు నువ్వు కుట్టిన మేజోళ్ళు మిగిలాయి.

ఇక్కడికి ఒక బోధకుడు వచ్చాడక్కా. పల్లె మనిషే, మాటలో మన యాసే. బడిలో మేం మూడేళ్ళుగా మాటల్ని కోసి, విడదీసి, పేర్లు పెట్టి ఎండబెడుతున్నాం. ఆయన నోట్లో అవే మాటలు లేచి నడుస్తాయి. "పొద్దుపోయాక ఆడదాన్ని తాకిన చెయ్యి, తెల్లారి ప్రభువు దేహాన్ని ఎలా ఎత్తుతుంది?" అని అడిగాడు. అడిగి ఊరుకున్నాడు. సంతలో అంతమంది ఉన్నారు, ఒక్కరు దగ్గలేదు. ప్రశ్న వేసి ఊరుకోవడంలో ఇంత బలం ఉంటుందని ఏ పాఠంలోనూ చెప్పలేదు.

గుడిలో పూజ చేసే గురువులకి బ్రహ్మచర్యం ఉండి తీరాలట. పెళ్ళాంపిల్లలుంటే గుడి పొలాలు కొడుకుల పాలవుతాయి. గురువు మనసు సగం బలిపీఠం దగ్గర, సగం పొయ్యి దగ్గర ఉంటుంది. రోమ్‌లో పోపుగారి మాటా ఇదేనట. వింటుంటే నాకు నిజమే అనిపించింది.

ఆ తర్వాత జనం టిసినో ద్వారం పక్కనున్న వల్పెర్తో గురువు ఇంటి మీద పడ్డారు. నేనూ వెళ్ళాను. తలుపు రెండు దెబ్బలకే ఊడింది. పరుపులు చీల్చితే వీధంతా ఈకలు. పీపాలు పగలగొడితే ద్రాక్షారసం మెట్ల మీద పారి, ఈకలు ఎర్రగా తడిసి కాళ్ళకి అంటుకున్నాయి. ఆ గురువుని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు, ముందు పళ్ళు రెండు గుమ్మం మీదే రాలాయి. ఆయన భార్య జడని ఒక తోళ్ళ పనివాడు గొర్రెల కత్తెరతో కత్తిరించాడు. ఆవిడ ఏడవలేదు. కత్తిరించినంతసేపూ "పాలు పొయ్యి మీద ఉన్నాయి, పాలు పొయ్యి మీద ఉన్నాయి" అంటూనే ఉంది. ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. భోజనం దగ్గర మాత్రం ఆ మాట గుర్తొచ్చి పళ్ళెం పక్కకి జరిపేశాను.

ఆ చెత్తలో నాకేం దొరికిందో తెలుసా? కీర్తనల పుస్తకంలోంచి చిరిగిన ఒక పేజీ. మొదటి అక్షరం కడుపులో నీలం చేప.

నా దస్తూరి చూసి అజ్జోనె దొర నన్ను రాతపనికి రమ్మన్నారు. గుర్రం, కత్తి, వెనక నలభైమంది ఉన్న మనిషి. నోరు బోధకుడిది, చెయ్యి ఈయనది.

బావ గురించి దిగులు పడకు. బావ అలాంటివారు కాదు.

గిస్లాకి ముద్దులు.

నీ తెదాల్దో


కసారెల్లో
అదే వారం, శుక్రవారం

తెదాల్దో,

"బావ అలాంటివారు కాదు" అని రాశావు. ఎలాంటివారు కాదురా? పెళ్ళైనవారు కాదా? మరి పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో వండిపెడుతున్న నేనెవర్ని? నీ చేత ముద్దులు పెట్టించుకుంటున్న గిస్లా ఎవరు?

నీ ఉత్తరం మీ బావకి వినిపించలేదు. "పాలు పొయ్యి మీద ఉన్నాయి" దగ్గర ఉత్తరం మడిచేశాను. ఏమిటని అడిగితే తమ్ముడికి చదువు బాగా వస్తోందట అని చెప్పాను.

నువ్వెవరి కొడుకువి? మన నాన్న గురువు. పూజ ముగించి, చేతులు కడుక్కుని, అమ్మ పోయిన ఏడు నీకు కొర్రగంజి తాగించిన చేతులు ఆయనవి. నీకు అక్షరాలు నేర్పింది కూడా ఆ చేతులే. మీ బోధకుడి లెక్కన నువ్వూ నేనూ పుట్టకూడనివాళ్ళం. ఆ సంగతి అజ్జోనె దొరకి చెప్పావా? చెప్పి ఉండవు. చెబితే ముందు రాలేవి నీ పళ్ళే.

మిలాన్ గురువులు గురుపట్టం కట్టించుకోకముందు ఒక్కసారి, ఒక కన్యని, అందరి ముందు పెళ్ళి చేసుకోవచ్చు. ఇది పునీత అంబ్రోసియో నాటి నుంచీ ఉన్న ఆచారమని మీ బావ చెబుతారు. ఆయన దాన్ని మీరలేదు, దాచలేదు. రోమ్‌వాళ్ళకి అంత పట్టుదలగా ఉంటే, పేతురుగారి అత్తకి జ్వరం వచ్చినప్పుడు ప్రభువు వెళ్ళి తగ్గించాడు కదా, ఆ అత్త ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమను. పెళ్ళాం లేకుండా అత్త ఒక్కతే వచ్చి ఇంట్లో కూర్చుందా?

ఇక ఆ చెయ్యి సంగతి. మొన్న మా పొరుగు బాసో ఆవు ఈనలేక పడిపోతే మోచేతి దాకా పెట్టి దూడని లాగింది ఆ చెయ్యే. పోయిన చలికాలం దద్దుర్ల జ్వరంతో చచ్చినవాళ్ళని, బంధువులే ముట్టకపోతే, బట్టలో చుట్టింది ఆ చెయ్యే. దేవుడికి అసహ్యం వేస్తే అప్పుడే వేసి ఉండాలి.

ఆ పేజీ తీసుకెళ్ళి వాళ్ళకి ఇచ్చెయ్యి. దాన్ని దొరకడం అనరు.

తిండి సరిగ్గా తిను.

ఇమిల్డా


మిలాన్
మే 12, సోమవారం

అక్కా,

పేజీ ఇచ్చేద్దామని వెళ్ళాను. ఇల్లు లేదు. గోడలు కూడా రాయి రాయి ఊడదీసి పట్టుకుపోయారు.

మొన్న శనివారం ఊరేగింపులో గురువులకీ జనానికీ మాటా మాటా పెరిగింది. గురువుల వైపు నుంచి ఒకడు "పాతగుడ్డలేరుకునే నా కొడకల్లారా, మీరా మాకు శుద్ధి నేర్పేది!" అన్నాడు. అంతే. పాతగుడ్డలు అమ్ముకునేవాళ్ళే ముందు వరసలో ఉన్నారు. కొవ్వొత్తుల స్తంభాలు పీకి వాటితోనే కొట్టారు. ఒక ముసలి గురువు బలిపీఠం గుడ్డ పట్టుకుని వేలాడితే గుడ్డతో సహా లాగేశారు. నేను స్తంభం వెనక ఉన్నాను. నా మేజోడు మీద ఎవరిదో నెత్తురు పడింది.

ఇప్పుడు ప్రమాణపత్రం తయారైంది. రాసింది నేనే. ఇకమీదట బ్రహ్మచర్యంలో ఉంటాను, భార్యని ఇంట్లో ఉంచను అని గురువు పునీతుల ఎముకల పెట్టె మీద చెయ్యి పెట్టి చెప్పాలి. నేను పేరు రాస్తాను, పక్కన ఆయన సిలువ గీస్తాడు. చివరి వాక్యం సరిగ్గా కుదరక అందరూ తల పట్టుకుంటే నేను చెప్పాను: "మాట తప్పినవాడికి ఈ సిలువ గీసిన వేళ్ళే శత్రువులు కావాలి." అజ్జోనె దొర నా భుజం తట్టారు. బోధకుడు రెండుసార్లు పైకి చదివించుకున్నాడు. నిజం చెప్పాలంటే అక్కా, ఆ వాక్యం నేను పడుకునే ముందు నాలో నేను అనుకుంటూ ఉంటాను. అంత బాగా వచ్చింది.

కానీ సిలువ గీయించడం చూస్తుంటే వేరుగా ఉంది. కత్తి మెడ మీద పెట్టాక కొన్ని సిలువలు సాలెపురుగుల్లా వచ్చాయి. ఒకాయన కలం పట్టనంటే తలని బల్లకేసి కొట్టారు. నా సిరాబుడ్డి దొర్లింది. నేను బుడ్డిని పట్టుకున్నానే గానీ ఆయన్ని పట్టుకోలేదు.

ఎండుగడ్డి కోతలయ్యాక పల్లెలకి వస్తారు. సంతకం చెయ్యని ఇల్లు దోచుకోవచ్చని చాటింపు వేశారు. బావని ఒక్కసారి రమ్మను. గీత మీద గీత, అంతే కదా. నువ్వూ గిస్లా లోదీలో మేనత్త దగ్గర కొన్నాళ్ళు ఉండండి. గొడవ చల్లారాక ఎవరు చూడొస్తారు?

తెదాల్దో


కసారెల్లో
పెంతెకోస్తు మర్నాడు

తెదాల్దో,

ఈసారి మొత్తం చదివి వినిపించాను. మీ బావ తేటగా చెప్పారు: "నేను ఇదే నోటితో ఇమిల్డాకి మాటిచ్చాను. ఒక మాట తప్పుతానని ఇంకో మాట ఎలా ఇస్తాను? అప్పుడు రెండోదాన్ని మాత్రం ఎవరు నమ్మాలి?" గీత మీద గీతే కదా అన్నావని చెబితే, "వాడు అక్షరాలు దిద్దేవాడు, వాడికి గీత విలువ తెలియాలే" అన్నారు. కోపంగా కాదు. నాకే కోపం వచ్చింది, నీ మీదా ఆయన మీదా.

ఇక్కడ కూడా గాలి మారింది. నిన్న పండుగ పూజకి సగం గుడి ఖాళీ. పెళ్ళైన గురువు పూజలో ఎత్తిన అప్పం ప్రభువు దేహం కాదని మిలాన్ నుంచి ఎవరో చెప్పిపోయారట. కమ్మరి పెళ్ళాం తన చంటిదానికి మీ బావ ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లదని, రెండోసారి ఇప్పించడానికి నాలుగు కోసుల దూరం మోసుకెళ్ళింది. పిల్లకి చలిపట్టి దగ్గు. పిండిమర ఇంటి జెన్సా బావి దగ్గర నన్ను చూసి కుండ పక్కకి జరుపుకుని, "ముట్టుకోకమ్మా గురువుగారి ఆవిడా, మేం తాగే నీళ్ళు" అంది. పోయినేడు తన పురిటికి కూర్చున్నది నేనే. "ముట్టుకోనులే జెన్సా, నీ కొడుకుని నేను ముట్టుకునే బయటికి లాగాను, వాణ్ణి కూడా కడుక్కో" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

బుధవారం పొద్దున లేచేసరికి మా బాతులు ఆరింటినీ మెడలు విరిచి తలుపుకి మేకులు కొట్టి వేలాడదీశారు. గిస్లా ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలిచింది. మీ బావ మేకులు ఊడదీసి, తలుపు కడిగి, పూజకి వెళ్ళారు.

నాకు భయంగా ఉందిరా. ఆయన కదలరు. గడ్డి కోతలయ్యేలోపే లోదీకి పోదామని బండి అడిగి ఉంచాను. ఆయన్ని ఒప్పించడం నా వల్ల కాదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ఆ పత్రం ఉండేది నీ చేతిలోనే కదా.

ఇమిల్డా


మిలాన్
మే 30

అక్కా,

పని అయింది. ఎలా అని అడగకు. ఉత్తరాలు ఊరి ద్వారం దగ్గర విప్పి చూస్తున్నారు. బావ ఏమీ చెయ్యనక్కర్లేదు, ఎక్కడికీ రానక్కర్లేదు. కసారెల్లో పేరు దోపిడీ జాబితాలో లేదు, నేనే చూసుకున్నాను.

నువ్వు అడిగావు, నేను చేశాను. చిన్నప్పటి నుంచి నువ్వు నాకు చేసినవాటిలో ఇది ఎన్నో వంతో! కానీ ఈ మాట రాస్తుంటే ఛాతీ పొంగుతోంది. ఇక నిశ్చింతగా ఉండు. బడిలో కొత్త పుస్తకం మొదలైంది. మళ్ళీ మాటలు నా వైపు చూస్తున్నాయి.

నీ తెదాల్దో


కసారెల్లో
జూన్ 24, పునీత యోహాను పండుగ

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చాను. దొరతో మాట్లాడి మా ఊరిని వదిలేయించావన్నమాట! మీ బావకి చెప్పాను. "అంటే ఆ అజ్జోనెకి కూడా మన ఆచారం మీద గౌరవం ఉందన్నమాట. మనిషిని మరీ చెడ్డగా అనుకున్నాను" అన్నారు. పూజలో ఆయన పేరు కూడా చెప్పి ప్రార్థించారు. నాకు నవ్వొచ్చింది.

లోదీ ప్రయాణం మానేశాను. బండి బాసోకి తిప్పి పంపేశాను, వాడు గడ్డి తోలుకోవాలి.

ఇంకో సంగతి. మార్చి నుంచీ అనుమానంగానే ఉంది, ఈ గొడవల్లో చెప్పలేదు. మళ్ళీ నెల తప్పాను. ఇప్పుడు నడుం దగ్గర గౌను విప్పి కుట్టుకోవాల్సి వచ్చింది కాబట్టి దాచేదేమీ లేదు, ఊరంతా తెలిసింది. జెన్సా బావి దగ్గర నా పొట్ట కేసి చూసింది. మొహం తిప్పుకుని గబగబా వెళ్ళిపోయింది. పోనీ, నోరు మూసుకుంది, అదే చాలు. గిస్లా తమ్ముడే కావాలంటోంది. "తెదాల్దో మామయ్య లాంటివాడా?" అంటే "కాదు, దగ్గర్లో ఉండేవాడు" అంది.

కొర్రలు, కొత్త వెన్న పంపుతున్నాను. గదిలోవాళ్ళకి చూపించకు.

మీ బావ ఆశీర్వాదాలు.

నీ అక్క ఇమిల్డా


మిలాన్
జూన్ 27, శుక్రవారం

అక్కా, ఇది చదివిన వెంటనే ఇల్లు విడిచి వెళ్ళిపో. వంట మీద ఉంటే దించకు. వెళ్ళిపో.

నేను దొరతో మాట్లాడలేదు. ఏమని మాట్లాడతాను? పత్రంలో బావ పేరు రాసి పక్కన సిలువ నేనే గీశాను. సంతకం ఉన్న ఇంటి జోలికి ఎవరూ రారు అనుకున్నాను. నువ్వు లోదీలో ఉంటావనే అనుకున్నాను. చెప్పలేదు, ఎందుకంటే బావకి తెలిస్తే ఆయనే నడుచుకుంటూ వచ్చి పేరు కొట్టేయమంటారు.

ఇప్పుడు సంతకం చేసినవాళ్ళ ఇళ్ళు తనిఖీ చేస్తున్నారు. చెయ్యనివాళ్ళకి దోపిడీయే. చేసి తప్పినవాళ్ళకి వేరే. మొన్న కొత్త ద్వారం దగ్గర ఒక గురువు అటకమీద భార్య దొరికింది. నా వాక్యం పైకి చదివి, ఆయన చేతిని కసాయి మొద్దు మీద పెట్టారు. సిలువ గీసిన రెండు వేళ్ళూ. నేను అక్కడే ఉన్నాను అక్కా. దాన్ని చదివించింది నా చేతే.

పిండిమర జెన్సా మొగుడు నిన్న అజ్జోనె దొరని చూడటానికి వచ్చాడు. నీ కడుపు సంగతి చెప్పాడు. వాళ్ళు బయలుదేరుతున్నారు. నేనే పరిగెత్తుకుని వచ్చేవాణ్ణి, కానీ ద్వారం దాటనివ్వడం లేదు. ఒట్టా అన్న కొడుకు గాడిద మీద వస్తున్నాడు, వాడికి ఇస్తున్నాను.

వెళ్ళిపో.


కసారెల్లో
జూలై 8

తెదాల్దో,

నీ ఉత్తరం పోయిన మంగళవారం వచ్చింది. వాళ్ళు అంతకు ముందు ఆదివారమే వచ్చారు, పునీత పేతురు పండుగ రోజు, పూజ మధ్యలో.

మీ బావ అప్పం ఎత్తబోతుండగా గుర్రాలతోనే గుడిలోకి వచ్చారు. పదిహేనుమంది. ఒకడు మెట్ల మీదకి వెళ్ళి పూజ గిన్నెని కాలితో తన్నాడు. బాసో అడ్డుపడితే బల్లెం తిప్పి మొద్దు వైపు నోట్లో పొడిచారు. అతని దవడ ఇంకా కట్టుకోలేదు, గొట్టంతో గంజి తాగుతున్నాడు. నన్ను జెన్సా మొగుడు వేలు పెట్టి చూపించాడు. లాక్కెళ్ళి అందరి ముందు నిలబెట్టి, గౌను నడుం దగ్గర కత్తితో చీల్చి, "చూడండి బ్రహ్మచర్యం!" అన్నారు. గిస్లా నా కాలు పట్టుకుంది. దాన్ని మీ అజ్జోనె దొర స్వయంగా విడదీసి, జెన్సా చేతికి ఇచ్చాడు. మర్యాదగానే ఇచ్చాడు.

తర్వాత పత్రం విప్పి చదివాడు. మీ బావకి అర్థం కాలేదు. "ఇది నాది కాదు. నేను ఏ సంతకమూ చెయ్యలేదు. చెయ్యను కూడా" అన్నారు.

"అయితే ఎవరు చేశారు?" అన్నాడు దొర. "ఈ పత్రం ఒక్కడి దగ్గరే ఉంటుంది. రాతగాడు తెదాల్దో. పునీతుల ఎముకల ముందు దొంగ సిలువ గీశాడంటే వేళ్ళతో పోదు. వాణ్ణి చెట్టుకి కట్టి నాలుక తీయిస్తాను. చెప్పండి గురువుగారూ, వాడేనా?"

మీ బావ పత్రం మీదకి వంగారు. నేనూ చూశాను. అదే సిరా, అదే కలం. నాన్న మనిద్దరికీ నేర్పిన దస్తూరి. ఆయన తలెత్తి నన్ను చూశారు. నేను నోరు తెరిచానురా. నీ పేరు నాలుక మీదకి వచ్చింది. ఇంకొక్క ఊపిరి తీసి ఉంటే చెప్పేసేదాన్ని. ఆయన నా పాదాన్ని తొక్కారు, ఎముక విరిగేంత గట్టిగా.

"నాదే. భయపడి అబద్ధమాడాను" అన్నారు.

పదకొండేళ్ళలో ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అది. బలిపీఠం ముందు, ఊరందరి ఎదుట.

మొద్దు కోసం వెతుక్కోలేదు. బలిపీఠం మెట్టు మీదే పెట్టారు. నీ వాక్యం పైకి చదివారు. కుడి బొటనవేలు, చూపుడువేలు. మొదటి దెబ్బకి తెగలేదు. కత్తి మొద్దుబారిందని ఒకడు, నీకు పట్టుకోవడం రాలేదని ఇంకొకడు పోట్లాడుకున్నారు. ఈలోగా ఆయన చెయ్యి అక్కడే ఉంది. రెండోసారికి తెగాయి. వాటిని కుక్కకి వెయ్యమన్నారెవరో. కమ్మరి పెళ్ళాం వచ్చి తలగుడ్డలో తీసుకుంది. ఎక్కడ పాతిందో చెప్పలేదు.

నా కడుపులోది ఇంకా కదులుతోంది. ఎలా ఉందో నాకు తెలియదు.

పని అయింది అని రాశావు. అవును, అయింది.

ఇమిల్డా


మిలాన్
జూలై 20

అక్కా,

ఎన్నిసార్లు మొదలుపెట్టి గీకేశానో, రాసే తోలు పలచబడిపోయింది. నాకు వచ్చిన మాటలన్నీ చూశాను. ఒక్కటీ పనికి రాలేదు.

ఒక నిజం చెప్పాలి. ఆ శుక్రవారం ద్వారం దగ్గర నన్నెవరూ ఆపలేదు. మధ్యాహ్నం దాకా తెరిచే ఉంది, బళ్ళు పోతూనే ఉన్నాయి. నేను అక్కడి దాకా వెళ్ళాను. నేను కనిపించకపోతే ఎక్కడికి వెళ్ళానని దొర అడుగుతారు, పత్రం తీసి చూస్తారు అనిపించింది. వెనక్కి తిరిగి ఉత్తరం రాశాను. రాయడం నాకు తేలిక.

నీ ఉత్తరం వచ్చిన రోజు అజ్జోనె దొర దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. సిలువ నాదని, మా నాన్న కూడా గురువేనని, రెండూ చెప్పాను. నాలుక తీస్తారనే వెళ్ళాను. ఆయన రొట్టె తింటున్నాడు. నమిలి, మింగి, "మీ బావ తనదే అని పూజ మధ్యలో చెప్పాడు. ఊరంతా విన్నది. ఇప్పుడు కాదంటే మేం అమాయకుడి వేళ్ళు తీసినట్టవుతుంది. అలా జరగలేదు. వెళ్ళి రాసుకో" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. "పాపం, బావ కోసం ప్రాణమిస్తానంటున్నాడు" అన్నాడొకడు.

నేను రాతపని వదిలేశాను. బడి కూడా. తోళ్ళు నానబెట్టేవాళ్ళ దగ్గర పని చేస్తున్నాను, చేతులు పగిలాయి. ఇది శిక్ష అని చెప్పడం లేదు. కూడు కోసమే.

బావ నన్ను కాపాడారని తెలిసి బతకడం ఎలాగో తెలియడం లేదు. రమ్మంటావా అక్కా? గుమ్మం బయటే ఉంటాను. నువ్వు కొడితే కొట్టించుకుంటాను.

తెదాల్దో


కసారెల్లో, ఏటి ఒడ్డు
సెప్టెంబరు, ద్రాక్ష కోతల వేళ

తెదాల్దో,

రావద్దు.

పీఠాధిపతి ఇంటి నుంచి ఆగస్టులో మనిషి వచ్చాడు. ఆ రెండు వేళ్ళు లేనివాడు అప్పం పట్టుకోలేడు, కాబట్టి పూజ చెయ్యకూడదట. అది కూడా పాత నియమమే. గుడి పక్కనున్న ఇల్లు ఖాళీ చేయించారు. బాసో తన అవిసె నార కొట్టం ఇచ్చాడు. అతని దవడ వంకరగానే అతుక్కుంది.

కొత్త గురువు వచ్చాడు. పెళ్ళి కాలేదు, పాతికేళ్ళుంటాయి, మర్యాదస్తుడు. మమ్మల్ని పిలిచి, "మీరిప్పుడు గురుత్వం చెయ్యడం లేదు కదా, ఇక మీ కాపురానికి ఎవరి అభ్యంతరమూ లేదు. సుఖంగా ఉండండి" అని దీవించాడు. నేను బయటికి వచ్చి నవ్వడం మొదలుపెట్టాను. ఆగలేదు. జెన్సా నీళ్ళు తెచ్చిచ్చింది, తన కుండలోంచే. తాగాను. ఇప్పుడు నేను ముట్టుకోవచ్చు.

నిజమే, ఎవరికీ అభ్యంతరం లేదు. ఆదివారాలు ఆయన వెనక వరసలో నిలబడతారు. అప్పం ఎత్తే సమయానికి కుడి చెయ్యి దానంతటదే లేస్తుంది, సగంలో దించుకుంటారు. ఇంట్లో ఆ చేత్తో నన్ను తాకరు. ఎడమ చెయ్యే చాపుతారు. ఆ మనుషులు కోరుకున్నది మూడు నెలల ముందు అడిగితే ఆయన ఇవ్వలేదు. ఇప్పుడు సగం వాళ్ళకి దొరికినట్టే ఉంది.

పత్రం గురించి ఆయన నోరు విప్పలేదు. విరిగిన నా పాదం అతుక్కుంది, ఇప్పుడు నేను ఈ కడుపుతో కుంటుతూ నడుస్తాను. నాలుక మీదకి వచ్చిన నీ పేరు ఎవరికీ చెప్పలేదు. కానీ నువ్వు ఒకటి తెలుసుకోవాలి. ఆయన కాలు తొక్కకపోతే చెప్పేసేదాన్ని. నిన్ను నేను కాపాడలేదు. నాకు నువ్వు ఋణపడి లేవు, నేను క్షమించాలని చూడకు.

రాయడం మళ్ళీ నేర్చుకుంటున్నారు, ఎడమ చేత్తో. గిస్లా తన మైనపు పలక ఇచ్చింది. గీతలు కోడి కెలికినట్టు వస్తున్నాయి, నుదుట చెమట పడుతోంది. నిన్న సాయంత్రం మొదటి మాట పూర్తి చేసి నా వైపు తిప్పి చూపించారు. నీ పేరు.

"వాడిదెందుకు?" అన్నాను.

"ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాడు. మీ అక్కాతమ్ముళ్ళకి ఆ ఒక్కటే తెలుసు" అన్నారు.

నేను పలక లాక్కుని బొటనవేలితో మైనాన్ని రుద్దేశాను. ఆయన పలక వెనక్కి తీసుకుని, మొదటి అక్షరం నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. అది అయ్యాక నేను మళ్ళీ రుద్దాను. ఈ పొద్దున లేచేసరికి మళ్ళీ రాస్తూ కూర్చున్నారు. ఆయనకి ఓపిక ఎక్కువ. నాకూ తక్కువేం కాదు.

ఇమిల్డా